పార్కు గేటు మీద కొంగల కాపురం

బిట్రగుంటలో మా ఇల్లు రైలు పట్టాల పక్కనే. గూడ్సు బండి పోతుంటే వంటింట్లో గిన్నెలు కూడా మాతోపాటు ఉలిక్కిపడతాయి. కొన్ని రోజులుగా నిద్ర సరిగా లేక ఇంట్లో అందరిమీదా చిటపటలాడుతుంటే మా ఆవిడకి విసుగొచ్చింది. "యాడికన్నా పోయి కాసేపు కూర్చోని రాండి, మాకూ శాంతిగా ఉంటాది" అంది. అలా ఫిబ్రవరిలో ఒక ఆదివారం నెల్లూరులో నాకిష్టమైన పార్కుకు బయల్దేరాను.

పొద్దున్నే ప్యాసింజరు ఎక్కితే గంటలోపే నెల్లూరు. స్టేషన్ బయట షేర్ ఆటోకు ఇరవై రూపాయలు. "పార్కుకా అన్నా? గొడుగు తెచ్చుకున్యావా?" అని అడిగాడు డ్రైవరు. ఈ కాలంలో వానేమిటయ్యా అంటే నవ్వి ఊరుకున్నాడు.

లోపల నిద్రగన్నేరు, కానుగ, వేప చెట్లు దారిమీదికి వంగి ఉంటాయి. ఎండ నేలను తాకాలంటే సందు వెతుక్కోవాలి. కానీ ఆ రోజు నన్ను ఆశ్చర్యపరిచింది చెట్లు కాదు. వాకింగుకు వచ్చిన పెద్దమనుషులందరూ గేటు దగ్గర గొడుగులు విప్పి, నాలుగడుగులు దాటాక ముడిచేస్తున్నారు. ఇదేం ఆచారమని నవ్వుకుంటుండగానే నా ఇస్త్రీ చొక్కా భుజాన తెల్లగా పడింది. తలెత్తితే గేటుమీది కొమ్మనిండా కొంగల గూళ్లు!

సరిగ్గా ఆ కొమ్మ కిందే రమణమ్మక్క ఇడ్లీ బండి. నేను ఎప్పుడెళ్లినా టిఫిను అక్కడే. పైన పట్టా కట్టుకున్నా, కొంగల కింద తినడానికి ఎవరూ ఆగడంలేదు. ఇడ్లీలు గిన్నెలోనే చల్లారుతున్నాయి. ఇల్లంతా ఆ బండిమీదే నడవాలి. ఆమె ముఖం చూస్తే నాకే దిగులేసింది.

నేను ప్లేటులో చట్నీ వేయించుకుంటుండగా నిచ్చెన, రంపంతో ఇద్దరు కార్పొరేషన్ మనుషులు వచ్చారు. "కొమ్మ కొట్టమని అడిగింది నువ్వే గదమ్మా?" అన్నాడు పెద్దాయన.

"అడిగినా అన్నా. అది వానల్లో. అప్పుడు గూళ్లు లేవు. ఇప్పుడు పిల్లలుండాయి."

"ఇయ్యాల కొట్టకపోతే మళ్లీ ఎప్పుడొస్తామో మేం చెప్పలేం. బాగా ఆలోచించుకో."

ఆమె గరిటె పట్టుకుని కొమ్మవైపు చూస్తూ నిలబడింది. గొడుగులవాళ్లూ ఆగిపోయారు. వద్దని చెప్పడం మాకు తేలికే, బేరం పోయేది ఆమెకు. కొట్టేయమంటే తప్పని కూడా నేను అనలేను.

"మాది చిట్టమూరు పక్క," అంది చివరికి. "పిల్లలున్న చెట్టుమీద మావోళ్లు కత్తి పెట్టరు. పెడితే ఆ ఏడు వాన రాదంటారు. పోండన్నా."

"మరి నీ బేరం ఎట్టా?"

"బండికి చక్రాలుండాయి. చెట్టుకు లేవు గదా."

అంతే, పొయ్యి ఆర్పేసింది. ఇద్దరు వాకింగువాళ్లూ నేనూ తలో చెయ్యీ వేసి బండిని రోడ్డవతలికి తోశాం. అక్కడ నీడ లేదు, గోడ కూడా లేదు. మళ్లీ పొయ్యి వెలిగించాక మొదటి ప్లేట్లు అందుకున్నది రంపం తెచ్చిన ఆ ఇద్దరే. పెద్దాయన రెండోసారి కారప్పొడి కూడా అడిగి వేయించుకున్నాడు.

తర్వాత లోపలికెళ్లి, కొంగలు లేని మూల చూసుకుని, ఒక వేపచెట్టు కింద బెంచీమీద మధ్యాహ్నం దాకా హాయిగా నిద్రపోయాను. ఆ పార్కు నీడ ఎవరో పెంచిందీ, ఎవరో కాపాడిందీ అని ఇన్నేళ్లలో ఒక్కసారీ తోచలేదు నాకు. ఊరికే వచ్చి, కూర్చుని, పోయేవాణ్ని. ఆ రోజు మాత్రం ఆ నీడకోసం ఒక మనిషి ఎండలోకి వెళ్లడం కళ్లారా చూశాను. మీరెవరైనా ఆ పార్కుకు వెళ్లాలనుకుంటే నాదొక్కటే మాట: ఇంట్లో టిఫిను చేసి వెళ్లకండి.