పోపు వెయ్యని పద్నాలుగు రోజులు

మా ఇంట్లో తినడమంటే అన్నం తినడమే. మిగతాదంతా నోరాడించడం. పేరంటానికి వెళ్ళి నాలుగు లడ్డూలూ, గుప్పెళ్ళతో కారప్పూసా లాగించి వచ్చినా, అమ్మ గుమ్మంలోనే "ఏమైనా తిన్నావా?" అని అడిగేది. నేను లేదనేదాన్ని. అమ్మ కంచం పెట్టేది. అందులో అబద్ధమేమీ లేదు, మెతుకు లోపలికి పోలేదు కాబట్టి తిననట్టే. నాకిప్పుడు నలభై రెండేళ్ళు. ఢిల్లీ వచ్చి పద్దెనిమిదేళ్ళయింది. నోయిడాలో ఒక కంపెనీలో మనుషుల్ని ఉద్యోగాల్లోకి తీసుకునే పని చేస్తున్నాను. అయినా ఆ లెక్క నా ఒంట్లోంచి పోలేదు. పోకపోవడం వల్ల ఏం చేశానో రాస్తున్నాను.

అప్పటికి నా బరువు నూట పంతొమ్మిది కిలోలు. మయూర్ విహార్ మెట్రో మెట్ల మీద రెండుసార్లు ఆగి, ఫోన్ చూసుకుంటున్నట్టు నటిస్తూ ఊపిరి తీసుకునేదాన్ని. అది సిగ్గు మాత్రమే. అసలు భయం నాకున్న షుగరంటే. అమ్మకు ఇదే షుగరుతో ముందు కాలివేలు తీశారు, తర్వాత పాదం, తర్వాత మోకాలి దాకా. ఆ మూడేళ్ళూ కట్లు మార్చింది, నీళ్ళు పోసింది మా అక్క. నేను ఢిల్లీ నుంచి ఫోన్లో ధైర్యం చెప్పాను. మొన్నటి వేసవిలో నా కుడి మడమ మీద పుండు పడి నెలన్నర దాకా మానలేదు. ఇక మందులతో పని కాదని, ఆపరేషన్ చేసి కడుపు చిన్నది చేస్తే బరువుతో పాటు షుగరూ దారికొస్తుందని డాక్టరు చెప్పాడు. ఆ మాట ఫోన్లో విన్న మూడో రోజున అక్క రైలెక్కింది.

అక్కది రాజమండ్రి. జాకెట్లు కుడుతుంది. పెళ్ళిళ్ళ రోజుల్లో మిషను మీద గుడ్డ కప్పేసి, ఒప్పుకున్న జాకెట్లన్నీ పక్క వీధి ఆవిడకి అప్పజెప్పి వచ్చింది. హిందీ ఒక్క ముక్క రాదు. స్టేషన్లో దిగగానే నా మొహం కాదు, కాళ్ళు చూసింది.

"నిన్ను అమ్మలా అవనివ్వనే. నేనుండగా అవనివ్వను," అంది.

మర్నాడే ఇద్దరం ఆసుపత్రికి వెళ్ళాం. కడుపు మీద లివరు ఉంటుందట. నాలాంటివాళ్ళకి అది కొవ్వుపట్టి ఉబ్బి ఉంటుందట. దాన్ని పైకెత్తితే గానీ కడుపు అందదు కాబట్టి, ముందు రెండు వారాలు పొడి కలిపిన పాలూ, వడగట్టిన సూపూ, మజ్జిగా తప్ప ఏమీ తీసుకోకూడదు. అప్పుడు లివరు చిక్కుతుంది. ఇదంతా చెప్పిన డైటీషియన్ ఒక చిన్నపిల్ల. వేలు చూపించి మరీ చెప్పింది: "చిప్స్, బిస్కిట్, నమ్‌కీన్, బిల్కుల్ నహీ మేడమ్." అసలు ముట్టొద్దని, అవి కడుపు నింపవని, నోట్లో కరిగి జారిపోతాయని, ఎన్ని తిన్నా ఇంకా కావాలనిపిస్తాయని చెప్పింది. ఆపరేషన్ అయ్యాక సగం గుడ్డు తినలేనివాళ్ళు కూడా ప్యాకెట్టు చిప్స్ తినేయగలరని, ఎక్కువమంది ఓడిపోయేది అక్కడేనని హిందీలో ఓపిగ్గా వివరించింది.

"ఏమంటుందే?" అని అక్క నా మోచెయ్యి గిల్లింది.

"అన్నం మానెయ్యాలట అక్కా. రొట్టె కూడా. తీపి కూడా," అన్నాను. ప్యాకెట్ల సంగతి చెప్పలేదు. దాచాలని కాదు. అది తిండి కిందకి వచ్చే విషయంగా నాకు తోచలేదు.

ఆ రెండు వారాలూ అక్క నా ఇంటిని ఎలా నడిపిందో తలచుకుంటే ఇప్పుడు కూడా తల ఎత్తబుద్ధి కాదు. పోపు వాసనకి నాకు ఆకలేస్తుందని స్టవ్వు మీద ఒక్కసారి కూడా పోపు వెయ్యలేదు. ఆవకాయ జాడీ తీసుకెళ్ళి ఎదురు ఫ్లాట్ ఆంటీ ఇంట్లో పెట్టింది. తన అన్నం తను వంటింట్లో గోడ వైపు తిరిగి, నిలబడి, చల్లటి పెరుగు కలుపుకుని గబగబా తినేసి చెయ్యి కడిగేసుకునేది. తిన్నదని నాకు తెలియకూడదని తలుపు దగ్గరగా వేసుకునేది. నాకు మాత్రం కూరలు ఉడకబెట్టి, రెండుసార్లు వడకట్టి, ఫ్లాస్కులో పోసి ఆఫీసుకి కట్టేది. సాయంత్రం రాజమండ్రికి ఫోన్ చేసి వదినలకీ పిన్నులకీ గొప్పగా చెప్పేది: "మెతుకు ముట్టట్లేదండీ. ఏం పట్టుదలో దానికి!"

నేను నిజంగానే మెతుకు ముట్టలేదు. మా ఆఫీసులో నా వరుస చివర ఒక అలమారా ఉంటుంది. కంపెనీ వాళ్ళు ఉద్యోగుల ఆరోగ్యం కోసమని అందులో ప్యాకెట్లు పెడతారు. వాటి మీద పచ్చటి ఆకు బొమ్మ ఉంటుంది. నూనెలో వేయించనివని, ఏడు ధాన్యాలతో చేసినవని పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది. రెండోరోజు పదకొండు గంటలకి మీటింగులో కూర్చుని ఒకటి చింపాను. నోట్లో వేసుకుంటే కరకరమని ఒక చప్పుడు, కాస్త ఉప్పు, ఆ తర్వాత ఏమీ లేదు. మింగినట్టు కూడా ఉండదు. ఏమీ లేదు కాబట్టి ఇంకొకటి. ప్యాకెట్టు అడుక్కి వచ్చాక కూడా కడుపు ముందు ఎలా ఉందో అలాగే ఉంది. ఏమైనా తిన్నావా అని అమ్మ అడిగితే లేదనే అనేదాన్ని.

రోజుకొకటి కాస్తా మూడయ్యాయి. మెట్రోలో తినకూడదు కాబట్టి దిగాక ఈ-రిక్షాలో తినేదాన్ని. మా సొసైటీ గేటు వచ్చేలోపు కుర్తా మీద పొడి దులిపి, ఖాళీ ప్యాకెట్టు గేటు పక్క డబ్బాలో వేసి, మూతి తుడుచుకుని పైకెళ్ళేదాన్ని. తిండి కాదని నమ్మినదాన్ని మూతెందుకు తుడుచుకున్నాను? ఈ ప్రశ్న అప్పుడు వేసుకోలేదు. డైటీషియన్ రోజూ సాయంత్రం మెసేజ్ పెట్టేది, ఇంకేమైనా తీసుకున్నారా అని. ఏమీ లేదని జవాబిచ్చేదాన్ని.

అక్క మూడు రోజులకోసారి టేపు పెట్టి నా నడుము కొలిచేది. ముప్పై ఏళ్ళుగా ఊళ్ళో ఆడవాళ్ళందరి కొలతలూ కంటిచూపుతో చెప్పగలిగిన మనిషి. మొదటిసారి తేడా లేదు. రెండోసారి తేడా లేదు. మూడోసారి టేపు రెండు చేతులతో పట్టుకుని వెలుతురులో చూసి, "ఇది సాగిపోయినట్టుందే. పాతదైపోయింది," అని చెత్తబుట్టలో పడేసింది. నేను చూస్తూ ఊరుకున్నాను. ఆ క్షణంలో నోరు తెరిచి ఉంటే సరిదిద్దుకోవడానికి ఇంకా ఐదు రోజులు మిగిలేవి.

అంతకు ముందు రోజే ఇంకో సంగతి జరిగింది. ఆఫీసు నుంచి వచ్చి గుమ్మంలో చెప్పులు విప్పుతూ కళ్ళు తిరిగి గోడ పట్టుకున్నాను. ఫ్లాస్కులో సూపు వాష్‌బేసిన్‌లో పారబోసి ప్యాకెట్లతో గడిపేస్తే కళ్ళు తిరగక ఏమవుతాయి? అక్క హడలిపోయింది. గుప్పెడు బియ్యం మెత్తగా ఉడికించి, వార్చిన గంజిలో ఉప్పేసి గ్లాసుతో తెచ్చింది. అడుగున నాలుగు మెతుకులున్నాయి.

"తాగెయ్యవే. ఒక్కసారికేమీ అవదు. డాక్టరుకి మాత్రం చెప్పకు, నామీద ఒట్టు," అంది. తాగాను.

ఆపరేషన్ రోజు మత్తు దిగేసరికి పొట్ట మీద నాలుగు చోట్ల పట్టీలున్నాయి. అయిపోయిందనుకున్నాను. మధ్యాహ్నం డాక్టరు వచ్చి మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నాడు. డాక్టర్లు కూర్చున్నారంటేనే భయపడాలి. కెమెరా గొట్టం వేసి చూశారట. లివరు కొంచెం కూడా చిక్కలేదట. ఎత్తబోతే చిట్లి రక్తం వచ్చేలా ఉందట. ఏమీ చెయ్యకుండా కుట్లు వేసి బయటికొచ్చేశారట. కోపంగా చెప్పలేదు. "డైట్ ఠీక్ సే కియా థా? ప్యాకెట్ వాలీ చీజే తో నహీ ఖాయీ?" అని, పథ్యం సరిగ్గా చేశారా, ప్యాకెట్లవేవీ తినలేదు కదా అని మాత్రం అడిగాడు. నహీ అన్నాను. ఆయన ఒక క్షణం నన్నే చూసి, రెండు నెలలాగి మళ్ళీ ప్రయత్నిద్దామని లేచాడు.

అక్క మంచానికి అవతలి వైపు నిలబడి మా ఇద్దరి నోళ్ళూ మార్చి మార్చి చూస్తోంది. "ఏమన్నాడే? బాగా అయిందటనా?"

"అవ్వలేదక్కా. లివరు పెద్దగా ఉందట. తిండి దగ్గర ఎక్కడో తేడా వచ్చిందంటున్నాడు."

"తేడా ఏంటే? నువ్వు అన్నమే..." అని ఆగిపోయింది. మంచం పట్టీ పట్టుకుంది. "గంజి," అంది. "నేను పోసిన గంజి. నా చేతులతో నేనే పోశాను కదే."

గ్లాసుడు గంజికి ఏ లివరూ ఉబ్బదని నాకు తెలుసు. చెప్పడానికి రెండు వాక్యాలు చాలు. అక్క కొంగు నోట్లో కుక్కుకుని, పక్క మంచం వాళ్ళకి వినపడకుండా ఏడుస్తోంది. నేను చెయ్యి చాపి ఆమె చెయ్యి పట్టుకుని, "ఊరుకో అక్కా. అయిందేదో అయింది," అన్నాను.

అంటే, అక్కని నేను క్షమించాను. నా జీవితంలో నేను చేసిన నీచమైన పని అదే. ఇంతకంటే మెత్తటి మాట దానికి వెతకను. అక్క ఆ క్షమని కళ్ళకద్దుకుని తీసుకుంది. ఊరెళ్ళి అందరికీ తనే చెప్పుకుంది, తన తెలివితక్కువతనం వల్ల చెల్లెలి ఆపరేషన్ పాడైందని. మా పిన్ని నాకు ఫోన్ చేసి, "దాన్ని పల్లెత్తు మాట అనలేదటగా, నీది పెద్ద మనసమ్మా," అంది. అవునన్నట్టు ఊరుకున్నాను. మర్నాడు పదకొండింటికి ఆఫీసులో అలమారా తలుపు తీశాను.

రెండోసారి తేదీ ఇచ్చారు. అక్క మళ్ళీ వచ్చింది. ఈసారి వంటింటి గడప దాటలేదు. మొదటిరోజు నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి స్టవ్వు మీద ఏమీ లేదు. అక్క సోఫా అంచున కూర్చుని, ఊరి నుంచి తెచ్చిన సంచి విప్పి బల్ల మీద ప్యాకెట్లు పేర్చింది. ఓట్స్ బిస్కెట్లు, కాల్చిన చిప్స్, ఏడు ధాన్యాల కడ్డీలు. అన్నిటి మీదా పచ్చటి ఆకు. రాజమండ్రిలో కొత్తగా పెట్టిన పెద్ద కొట్టుకెళ్ళి, షుగరున్నవాళ్ళు ఏం తినొచ్చో అక్కడి అమ్మాయిని అడిగి అడిగి కొన్నదట.

"ఆ సూపులూ అవీ నువ్వే కలుపుకో తల్లీ. నేను ముట్టుకోను. మరీ నీరసంగా ఉంటే వీటిల్లో రెండు తిను. ఎంతెంత వేశారో వెనకాల రాసుంటుంది. నా చేతికి లెక్క తెలీదు," అంది. పావంగుళం తేడా రాకుండా కత్తిరించే చెయ్యి అది.

నేను నేలమీద కూర్చున్నాను. చెప్పేశాను. అలమారా గురించి, ఈ-రిక్షా గురించి, పారబోసిన సూపు గురించి, డాక్టరుతో చెప్పిన నహీ గురించి. ప్యాకెట్లు తినకూడదని డైటీషియన్ మొదటిరోజే చెప్పిందని, నీకు నేను చెప్పలేదని అన్నాను. గంజి వల్ల కాదక్కా, నావల్లే అన్నాను. ఏడుస్తూ చెప్పాను, అది కూడా తప్పేనేమో.

అక్క మొత్తం విన్నది. తర్వాత నా తల మీద చెయ్యేసి నిమిరింది.

"నేను బెంగెట్టుకుంటానని ఇదంతా నీమీద వేసుకుంటున్నావు. నాకు తెలీదా? చిన్నప్పట్నుంచీ అబద్ధం చెప్పడం రాదు నీకు. అన్నం మానేసి నువ్వెంత చిక్కిపోయావో నా కళ్ళతో చూశాను కదే."

"అక్కా, నిజం..."

"ఇంక ఆ మాట ఎత్తకు. నామీద ఒట్టు." బల్ల మీది కత్తెర తీసుకుని ఒక ప్యాకెట్టు అంచు తిన్నగా కత్తిరించింది. రెండు బిస్కెట్లు తీసి నా అరచేతిలో పెట్టింది. నేను తినేదాకా చూసింది. "నీరసం తగ్గిందా?" అంది. తగ్గిందన్నాను. మిగతావి లెక్కపెట్టి, ప్యాకెట్టు మూతి మడిచి రబ్బరు బ్యాండు వేసి బల్ల మధ్యలో పెట్టి, స్నానానికి వెళ్ళింది.

బాత్రూములో నీళ్ళ చప్పుడు మొదలైంది. ఆపరేషన్‌కి ఇంకా పదమూడు రోజులుంది. నేను రబ్బరు బ్యాండు తీశాను.