తీగలు వదులు చేసి కొన్న గిటారు

బెంగళూరుకు దగ్గర్లోని నరసాపురం పారిశ్రామికవాడలో ద్విచక్ర వాహనాల విడిభాగాలు తయారుచేసే ఒక ఫ్యాక్టరీలో నేను సీనియర్ ఇన్‌స్పెక్టర్‌గా పదవీ విరమణ చేశాను. ఈ సంగతి నా సర్వీసు చివరి ఏడాదిలో, వార్షికోత్సవానికి నెల ముందు మొదలైంది. నాది ఇన్‌కమింగ్ విభాగం. బయటి నుంచి వచ్చిన సరుకు లారీ దిగగానే కొలిచి, పనికొచ్చేదానికి పచ్చ చీటీ, పనికిరానిదానికి ఎర్ర చీటీ అంటించడం మా పని. ఎర్ర చీటీలు నా చేతి మీదుగానే ఎక్కువ వెళ్ళేవి కాబట్టి సరఫరాదారులు నన్ను వెనకాల రిజెక్టమ్మ అనేవాళ్ళు. ఆ పేరు నాకు నచ్చేది కూడా.

ఆ ఏడు హెచ్‌ఆర్ వాళ్ళు కార్మికుల పాటల బృందానికి ఒక గిటారు కొనాలని నిర్ణయించారు. వాయించేవాడు వెంకటేశు, బేతమంగళ వాడు, అసెంబ్లీ లైన్‌లో ఆపరేటర్. అంతవరకూ అరువు గిటారుతో నెట్టుకొచ్చాడు. దాని యజమాని ఉద్యోగం మారుతూ దాన్నీ పట్టుకెళ్ళిపోయాడు. బృందం సాధన చేసుకునే గదిని అట్టపెట్టెలు పెట్టుకోవడానికి ఇమ్మని స్టోర్స్ వాళ్ళు ఎప్పటి నుంచో అడుగుతున్నారు. వార్షికోత్సవంలో బాగా వాయిస్తే గది ఉంటుంది, లేకపోతే అట్టపెట్టెలకు పోతుందని హెచ్‌ఆర్ మేనేజర్ తేల్చి చెప్పాడు. షిఫ్టు అయ్యాక ఆ గదిలో కూర్చోవడం కోసం తన బస్సు వదులుకుని తర్వాతి బస్సులో ఇంటికి వెళ్ళే మనిషి వెంకటేశు. గది పోతే అతనికి సాధన చేసుకోవడానికి ఇంకో చోటు లేదు.

కొనుగోలుకి ముగ్గురు సభ్యుల కమిటీ వేశారు. స్టోర్స్ నుంచి ఒకరు, అకౌంట్స్ నుంచి ఒకరు, నాణ్యత తరఫున నేను. ధర పది వేలు దాటకూడదు. వస్తువును వాడేవాడు కమిటీలో ఉండకూడదనేది కంపెనీ నియమం. సొంత ఇష్టాలు చొరబడతాయని భయం. కాబట్టి గిటారు గురించి తెలిసిన ఒకే ఒక్క మనిషిని ఫ్యాక్టరీలో వదిలేసి, ఏమీ తెలియని ముగ్గురం కంపెనీ కారులో బెంగళూరు వెళ్ళాం.

నేను చెక్‌షీట్ తయారుచేసుకునే వెళ్ళాను. మెడ నిటారుగా ఉందా, మెట్ల అంచులు వేలికి గుచ్చుకుంటున్నాయా, బిరడాలు జారుతున్నాయా, పై పలక ఒకే చెక్కా లేక ప్లైవుడ్డా, పన్నెండో మెట్టు దగ్గర తీగకూ మెట్టుకూ మధ్య ఎడం ఎంత. ఇవన్నీ చూడాల్సినవే, ఆ షీటును నేను ఇప్పటికీ తప్పు పట్టను. శబ్దానికి మాత్రం గడి పెట్టలేదు. దాన్ని కొలిచే పరికరం మా దగ్గర లేదు. కొలవలేనిదాన్ని షీటులో రాయకూడదు.

దుకాణదారు నాలుగు గిటార్లు బల్ల మీద పెట్టి, ఎవరు వాయిస్తారని అడిగాడు. ఎవరమూ కాదన్నాం. ఒక్కో గిటారు తీగలు ఒక్కో బిగువులో ఉండటం నాకు నచ్చలేదు. నమూనాలన్నిటినీ ఒకే స్థితిలో కొలవాలి కదా! తీగలన్నీ వదులు చేయమన్నాను. వదులు చేస్తే ఏం తెలుస్తుంది మేడం అన్నాడతను. నీ పని నువ్వు చూడు అన్నట్టు నేను ఫీలర్ గేజ్ బయటికి తీశాను. అది సన్నటి ఉక్కు రేకుల కట్ట, సందులో దూర్చి ఎడం చూస్తాం. బాగా మోగేది ఇదీ అంటూ అతను ఒకదాన్ని ముందుకు జరిపాడు. దాని పలక మీద గోటి గీతంత మచ్చ ఉంది. కంటికి కనిపించే వైపు మచ్చ ఉంటే మాకు ఎర్ర చీటీయే. చివరికి అద్దంలా మెరిసే నల్ల గిటారు అన్ని గడుల్లోనూ నెగ్గింది. పచ్చ చీటీ అంటించి మరీ తెచ్చాను.

వెంకటేశు దాన్ని ఒళ్ళో పెట్టుకుని, శ్రుతి చేసి, రెండు నిమిషాలు వాయించాడు. ఎలా ఉందని అడిగాను. "బాగుండాది మేడం," అన్నాడు. రిజెక్టమ్మ పచ్చ చీటీ వేసినదాన్ని బాగాలేదనే ధైర్యం లైన్‌లో ఎవరికుంటుంది? ఆ సంగతి నాకప్పుడు తట్టలేదు.

పది రోజుల తర్వాత లైన్ పక్కగా వెళ్తుంటే అతని ఎడమచేతి నాలుగు వేళ్ళకూ ప్లాస్టర్లు కనిపించాయి. మెషిన్‌లో పెట్టాడేమోనని హడలిపోయాను.

"మెషినేం లేదు మేడం. తీగలు రొంత ఎత్తుగా ఉండాయి. నొక్కి నొక్కి వేళ్ళు తెగినాయి. ఇంగ అలవాటు అయిపోతాది లెండి," అన్నాడు.

బోల్టు పట్టుకోవడానికే అవస్థ పడుతున్నాడు. అయినా నాకు మొదట అతని మీదే కోపం వచ్చింది. నేను కొలిచి తెచ్చిన తీగలు ఎత్తుగా ఎలా ఉంటాయి?

గదికి వెళ్ళి, శ్రుతిలో ఉన్న గిటారుకు గేజ్ పెట్టాను. దుకాణంలో చూసినదానికి దాదాపు రెట్టింపు ఎడం. గేజ్ తప్పేమోనని ఇంకో గేజ్ తెప్పించాను. అదీ అంతే చెప్పింది. టూల్‌రూమ్ ఫిట్టర్ మునెప్పను పిలిపించాను. కేజీఎఫ్ గని కార్మికుడి కొడుకు, నా ఈడువాడు, నేనంటే భయం లేని కొద్దిమందిలో ఒకడు. జరిగిందంతా విన్నాడు.

"లోడ్ లేకుండా కొలిచినారా అమ్మా? మా నాయన గనిలో బోను దించే తాడును ఊరికే యాలాడదీసి చూసి, బాగుండాదని సంతకం పెట్టింటే, ఆ బోనులో దిగినోళ్ళు యాడుందురు?" అన్నాడు.

ఆరు తీగలూ బిగిస్తే మెడ ముందుకు వంగుతుంది, మెడ వంగితే తీగలు లేస్తాయి. షాక్ అబ్జార్బర్‌ను బరువు పెట్టకుండా కొలిచారని ట్రైనీలను నిలబెట్టి తిట్టినదాన్ని నేను. సిగ్గుతో చచ్చిపోయాను.

నిబంధన ప్రకారం ఎర్ర చీటీ వేసి, వాపసు పంపి, కమిటీ మళ్ళీ కూర్చోవాలి. అంతలో వార్షికోత్సవం దాటిపోతుంది. మిగిలిన దారి డీవియేషన్, అంటే లోపం ఉందని ఒప్పుకుని, సరిచేసి వాడుకునే అనుమతి. ఎంతమంది బతిమాలినా సర్వీసంతా నేను సంతకం పెట్టని కాగితం అది. ఆ తొలి సంతకం నేను కొన్న వస్తువుకే పెట్టాను. మునెప్ప మెడలోని ఉక్కు కడ్డీని అలెన్ కీతో పావు చుట్టు బిగించి మెడను నిటారు చేసి, తీగల కింద ఉండే తెల్ల ముక్కను అడుగున అరగదీశాడు. ఈసారి వెంకటేశు పక్కనే కూర్చుని, వాయించి చూస్తూ, "ఇంగ రొంత" అని మూడుసార్లు తీయించాడు.

వార్షికోత్సవం నాడు బాగా వాయించాడు. గది నిలిచింది. పరిమితమైన ధరలో ఇంత మంచి వాద్యాన్ని ఎంపిక చేసినందుకు ప్లాంట్ హెడ్ కమిటీ సభ్యులు ముగ్గురినీ వేదిక మీదకు పిలిచి శాలువాలు కప్పాడు. వెంకటేశునూ మునెప్పనూ పిలవాలని ఎవరికీ తోచలేదు. నేను చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు. శాలువా కప్పించుకుని దిగి వచ్చాను.

ఇప్పుడు నేనుంటున్న అండర్సన్‌పేటలో ఎవరైనా పిల్లలకు గిటారు కొనాలని సలహా అడిగితే నేను చెప్పేది కొంచెమే. తీగలు శ్రుతికి బిగించి, వాయించే మనిషి చేతికిచ్చి, పది నిమిషాలు నోరు మూసుకుని వినండి. మెరుపు సంగతి ఆ తర్వాత చూసుకోవచ్చు. ఇంత చిన్న విషయం తెలియడానికి నాకు ముప్పై ఏళ్ళ సర్వీసు చాలలేదు. వెంకటేశు నాలుగు వేళ్ళు కావాల్సి వచ్చాయి.