పేరు చీటీ లేని కేకు

దయ్యాన్ని తూకం వేసి పట్టుకోబోయిన ఇంజినీరు జంటనగరాల్లో నేనొక్కడినే అయి ఉంటాను. ఆ ప్రయోగంలో దయ్యానికి ఏమీ కాలేదు. పద్మారావు నగర్‌లో మూడు వీధుల మేర తలెత్తుకొని తిరిగే యోగ్యత మాత్రం నాకు పోయింది.

ఇది పదేళ్ల కిందటి డిసెంబరు మాట. మా వీధిలోని క్రైస్తవ కుటుంబాలన్నీ క్రిస్మస్ కేకు పిండిని ఇంట్లోనే కలిపి, రేకు ట్రేలలో పోసి, పేరు చీటీ అంటించి, ఖాదర్ భాయ్ బేకరీలోని కట్టెల బట్టీకి ఇచ్చేవి. ఎన్ని ట్రేలు ఇస్తే అన్ని కేకులే తిరిగి రావాలి. కాని మూడేళ్లుగా ఒకటి ఎక్కువ వస్తోంది. దానికి పేరు చీటీ ఉండదు.

"రత్నం టీచరే పంపుతోందిరా," అనేది మా అమ్మ, కళ్లు పెద్దవి చేసి.

రత్నం టీచర్ పోయి అప్పటికి నాలుగేళ్లు. ఆమె భర్త యేసుపాదం మాస్టారు ఒంటరి మనిషి, పైగా అభిమానధనులు. ఎవరైనా కూర గిన్నె పంపితే మూత కూడా తీయకుండా తిప్పి పంపేవారు. ఖాదర్ భాయ్ ఆ చీటీ లేని కేకు పట్టుకెళ్తే మాత్రం, "రత్నం పంపిందా?" అంటూ రెండు చేతులా అందుకునేవారు. ఏడాది మొత్తంలో ఆయన ఒకరి నుంచి పుచ్చుకునే తిండి అదొక్కటే.

ఇదంతా నాకు తెలుసు. తెలిసే చేశాను, పాఠకులు క్షమించనవసరం లేదు.

అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. తూనిక యంత్రాలను సరిచూసే ఉద్యోగంలో చేరి ఐదు నెలలు. తూచడానికి వీలుకానిది లోకంలో లేదని నమ్మే వయసు. ఆ మధ్యాహ్నం బేకరీ గుమ్మంలో ఎలక్ట్రానిక్ కాటా పెట్టుకొని, లారీలను ఆపే చెక్‌పోస్టు అధికారిలా కూర్చున్నాను.

"ఏందిది ఇంజినీర్ సాబ్? మా బట్టీకి పరీక్షలు షురూ చేసినవా?" అన్నాడు ఖాదర్ భాయ్.

"శాస్త్ర పరిశోధన, భాయ్."

"అయితే జెర పక్కకు జరిగి చెయ్యి. జనం లోపలికి రావాలె గదా."

పద్నాలుగు ట్రేలు లోపలికి వెళ్లాయి. ఒక్కొక్కదాని బరువు గ్రాములతో సహా రాసుకున్నాను. సాయంత్రం పదిహేను కేకులు బయటికి వచ్చాయి. వీధంతా అక్కడే ఉంది. నా దురదృష్టం కొద్దీ ఆ రోజు మాస్టారు స్వయంగా వచ్చారు. నేను మళ్లీ తూచి, కూడి, లేచి నిలబడ్డాను.

"పద్నాలుగు ట్రేలలో రెండు వేల నూట యాభై ఆరు గ్రాములు తగ్గాయి! ఇది దయ్యం కాదు, దొంగతనం. చీటీ లేని కేకు ఏడు వందల యాభై ఆరు. మిగతా పద్నాలుగు వందల గ్రాములు ఎక్కడ, భాయ్?"

బేకరీలో బట్టీ తప్ప అన్నీ చల్లబడ్డాయి.

"పిండి బట్టీల పెడితే నీళ్లు ఆవిరి గావా, సాబ్?" అన్నాడు ఖాదర్ భాయ్, ఎంతో మర్యాదగా. "మీ కాలేజీల గది చెప్పలేదా?"

చెప్పారు. ఆ పేపర్లో క్లాసు మొత్తానికి నావే ఎక్కువ మార్కులు.

"మరి ఆ ఏడు వందల యాభై ఆరు?"

అమ్మ నా జబ్బ గిల్లింది. "లోపల మేమే తీశాంరా, ట్రేకో గరిటెడు! నువ్వు దాచలేవనేగా నీకు చెప్పలేదు!" అమ్మ ఉద్దేశంలో అది గుసగుస. కాని మైకు లేకుండా చర్చి మొత్తానికి వినిపించే గొంతు ఆమెది.

మాస్టారు అప్పటికే చేతిలోకి తీసుకున్న చీటీ లేని కేకును బల్లమీద పెట్టేశారు.

"మాస్టారూ, తప్పు నాది..."

"పిండి నువ్వు కలిపావా?"

"లేదండీ."

"గరిటెడైనా వేశావా?"

"లేదండీ."

"మరి తూచడానికి నువ్వెవడివిరా?" అని, వీధి వైపు తిరిగారు. "మా రత్నం కేకులో పంచదార సరిపోయిన ఏడాది లేదు. ఇందులో సరిపోయింది. మొదటి ఏడాదే తెలిసింది నాకు. మీరంతా అంత కష్టపడి దయ్యాన్ని నడుపుతుంటే చెడగొట్టడం ఎందుకని ఊరుకున్నాను."

కేకును మళ్లీ చేతిలోకి తీసుకొని నాకేసి వేలు చూపించారు. "వచ్చే ఏటి నుంచి దయ్యం నువ్వే."

మాస్టారు ఉన్న ఆరేళ్లూ పద్మారావు నగర్ దయ్యాన్ని నేనే. ప్రతి డిసెంబరులో పిండి కలిపాను. ప్రతి డిసెంబరులో ఆయన ఒక ముక్క నోట్లో వేసుకొని, "రత్నం చెయ్యి పూర్తిగా పాడైపోయింది, ఖాదర్," అంటూనే రెండో ముక్క తీసుకునేవారు.

కనుక, ఇందుమూలంగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: ఒక వీధి అంతా కలిసి ప్రేమగా సాకుతున్న ఏ దయ్యం జోలికీ ఈ జన్మలో వెళ్లను. వెళ్లినా, ఆవిరిని మినహాయించకుండా నోరు విప్పను.