రెండు బనీన్ల ఫొటోగ్రాఫరు

ఆ రోజుల్లో నా కళ్ళకు మనుషులు కనిపించేవారు కాదు, సరిచేయవలసిన ఫొటోలు కనిపించేవి. అందుకే లేసత్తయ్య విషయంలో అంత తప్పు చేశాను. అలవాటు కొద్దీ చెయ్యి చేసిందని చాలాకాలం చెప్పుకున్నాను గానీ, ఆ చేతికి మౌస్ అందించింది నేనే.

నరసాపురంలో మా మేనమామ ఫొటో స్టూడియోలో పెళ్ళికూతుళ్ళను తెల్లగా చేయడం, పెళ్ళికొడుకుల మొటిమలు చెరపడం నా పని. ఎవరూ అడగకపోయినా చేసేవాళ్ళం. అది స్టూడియో మర్యాద. (నేను మాత్రం బక్కగా కనబడకూడదని చొక్కా కింద రెండు బనీన్లు వేసుకునేవాణ్ణి, మే నెలలో కూడా.) అలాంటివాడికి ఫోన్లో ఎక్కడో రకరకాల మనుషుల శరీరాలను అందంగా చూపే ఫొటోలు కనిపించి, కళ మీద మోజు పుట్టింది. మన రేవులో మాత్రం వీపులు లేవా, చేతులు లేవా అనుకుని, ‘మన ఒళ్ళు, మన అందం’ అని పేరు పెట్టి ప్రదర్శన ప్రకటించేశాను.

చేపలు పట్టే పడవ మావయ్య పిలవగానే చొక్కా విప్పుకుని వచ్చాడు. “పొట్ట మొత్తం పట్టుద్దంటావా అబ్బాయ్, నీ కెమెరాలో?” అన్నాడు. కష్టమైంది లేసత్తయ్యతోనే. ఆవిడ మా వీధిలో లేసు అల్లేది. మోచేతుల దాకా తెల్లమచ్చలు. ఎవరి పెళ్ళి ఆల్బమ్‌లో చూసినా ఆవిడ చేతులు పైట చాటునే ఉంటాయి.

“నా చేతులెందుకులే అబ్బాయ్, ఇంకెవరివైనా తీసుకో.”

“మీవే కావాలత్తయ్యా. బాగుంటాయి.”

ఆవిడ అల్లిక ఆపి నా మొహంలోకి చూసింది. “ఉన్నవి ఉన్నట్టే తీస్తావా?”

“ఒట్టు,” అన్నాను.

కిటికీ వెలుతురులో, ఒళ్ళో లేసు పెట్టుకుని అల్లుతుండగా తీశాను. లేసు ఎక్కడ అయిపోయి చెయ్యి ఎక్కడ మొదలైందో తెలియనంత బాగా వచ్చింది. అక్కడితో ఊరుకుంటే బాగుండేది. కంప్యూటర్ ముందు కూర్చుని, కాస్త సర్దుదాం అనుకున్నాను. కాస్త, మరికాస్త. చివరికి రెండు చేతులూ పాలకోవా రంగులో మెరిశాయి. అదే ఊపులో పడవ మావయ్య పొట్ట కూడా తీసేశాను. అసలు ఫొటోలున్న మెమరీ కార్డును తుడిచేసి, దాని మీద ఎవరిదో పెళ్ళి ఎక్కించాను.

ప్రదర్శన రోజున ముందుగా పడవ మావయ్య భార్య వచ్చింది. “ఈయనెవరండీ బాబూ? మా ఆయన్నేం చేశారు?” అంది. “ఏళ్ళ తరబడి తిని పెంచుకున్న పొట్టరా ఇది! నన్నడక్కుండా ఎలా తీసేత్తావ్?” అన్నాడు మావయ్య. హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను.

అప్పుడు లేసత్తయ్య వచ్చింది. ఇస్త్రీ చీర కట్టుకుని, తోటి లేసువాళ్ళనందరినీ వెంటబెట్టుకుని, చేతులు రెండూ బయటపెట్టుకుని వచ్చింది. ఆవిడ అలా నలుగురిలోకి రావడం నేనెప్పుడూ చూడలేదు. తన ఫొటో ముందునుంచే దాటిపోయి, వెనక్కి వచ్చి, లేసులోని పువ్వును చూసి ఆగింది.

“లేసు నాదే. చేతులెవరివబ్బాయ్?”

ఆవిడ చేతులు మళ్ళీ పైట చాటుకు వెళ్ళిపోయాయి.

ఆ ఫొటో అప్పుడే దించేశాను. మర్నాడు వాళ్ళింటికి వెళ్ళి, “మళ్ళీ తీయనివ్వండత్తయ్యా. ఈసారి కంప్యూటర్ ముట్టుకోను,” అన్నాను.

ఆవిడ సూది పక్కన పెట్టింది. “ముందు నువ్వు చొక్కా విప్పు.”

విప్పాను.

“బనీను కూడా.”

విప్పాను.

“ఓరి నీ ఇల్లు బంగారం గానూ, ఇంకోటుందా!” అని, కళ్ళలో నీళ్ళు తిరిగేలా నవ్వింది. ఆ రెండోదీ తీయించి, కెమెరా అడిగి పుచ్చుకుంది. “ఊపిరి బిగబట్టకు. వదిలెయ్,” అని నా పక్కటెముకలను, గుంటపడ్డ ఛాతీని ఉన్నవి ఉన్నట్టే తీసింది. కాస్త వంకరగా కూడా తీసింది. తర్వాత కెమెరా నాకిచ్చేసి, తనంతట తనే చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

స్టూడియో ఇప్పుడు నాది. గోడ మీద ఆ చేతులూ, ఆ ఛాతీ పక్కపక్కనే ఉంటాయి. కింద మళ్ళీ తీసిన పడవ మావయ్య, పొట్టతో సహా. ఎవరి మచ్చ చెరపాలన్నా ముందు వాళ్ళనే అడుగుతాను. కొందరు చెరపమంటారు. కొందరు ఆ చేతులవైపు చూసి, “ఉండనివ్వండిలెండి,” అంటారు. మొన్నొక పెళ్ళికూతురు, “ఆ బక్కబ్బాయెవరండీ?” అంది. నేనేనమ్మా అంటే, నా పొట్టను చూసి నమ్మలేదు. ఇప్పుడు ఒక్క బనీనే బిగుతు. ఆ గోడ మీదివాడు మాత్రం రోజురోజుకూ అందంగానే కనిపిస్తున్నాడు. ఆ మాట అప్పుడే ఎవరైనా వాడి చెవిన వేసి ఉంటే, పాపం, రెండో బనీను ఉతుక్కునే పని తప్పేది.