కట్ట వాలు మీద చూసిన గేర్ ఆయిల్

మే నెల మొదటి వారంలో, మధ్యాహ్నం రెండు గంటలకు మెదక్ చేరాం. ఫౌజు, అదే మిలిటరీ, అనగానే మీ అందరికీ మంచు కొండలే కావాలి. అవీ చూశాను. కానీ నన్ను ఇప్పటికీ వదలని డ్యూటీ నా సొంతూళ్లోనే పడింది. వినే ఓపిక ఉంటే వినండి.

తూప్రాన్ నుంచి ట్రైలర్ మనిషి నడకతో సమానంగా వచ్చింది. దాని మీద పాత చైన్ల ట్రాక్టర్, ముందు మట్టి నెట్టే పలక. తెల్లవాళ్లు యుద్ధం రోజుల్లో తెప్పించి వదిలిపోయిన బండి. మేం నలుగురం: హవల్దార్, వైర్‌లెస్ మనిషి, వంటమనిషి, ఆపరేటర్‌గా నేను. రెండు గుడారాలు, ఒక నీళ్ల పీపా. ఆర్డర్ ఒక్కటే. హవేలిఘనపూర్ వైపు చెరువు కట్టకు పడిన గండిని ఇరవై రోజుల్లో, మిరుగం కార్తె వానలకు ముందే పూడ్చాలి. ఆ చెరువు కింద మా నాయనకు రెండెకరాల మడి ఉంది.

సొంతూరివాళ్లు గట్టు మీద నిలబడి చూస్తుంటే యూనిఫారంలో బండి తోలడం ఎలా ఉంటుందో మీకేం తెలుసు! మూడు రోజులు నేను నేల మీద నడవలేదు.

నాలుగో రోజు పొద్దున ఇంజన్ స్టార్ట్ కాలేదు. తొమ్మిది దాకా చెమటోడ్చాను. హవల్దార్ నెల్లూరు వైపు మనిషి, ఓపిక తక్కువ. చర్చి దగ్గర షెడ్డు పెట్టుకున్న మిస్త్రీ దేవదానాన్ని పిలిపించాడు. యాభై దాటిన మనిషి, సైకిల్ మీద వచ్చాడు. ఒక గొట్టం విప్పాడు, ఊదాడు, బిగించాడు. బండి లేచింది. గట్టు మీద జనం చప్పట్లు కొట్టారు.

ఆ రోజు నుంచి ఆయన రోజూ ఆరు గంటలకు వచ్చేవాడు. వైర్‌లెస్‌లో పైవాళ్లతో రోజూ ఇదే మాట.

"బండి నడుస్తోందా? ఓవర్."

"మిస్త్రీ ఉన్నాడు, నడుస్తోంది. ఓవర్."

తోలేది నేను. పేరు ఆయనది. అంతకంటే ఘోరం, మా నాయన జొన్నరొట్టెలు కట్టుకొచ్చి మొదటి రొట్టె ఆయన చేతిలో పెట్టాడు. "బిడ్డా, జర ఆయన కాడ పని నేర్చుకో. మస్తు హునర్ ఉన్న మనిషి" అన్నాడు. తొమ్మిదేళ్లుగా బండి తోలుతున్న నాకు! నా రొట్టె పక్కన పెట్టి బండెక్కాను.

పదకొండో రోజు సాయంత్రం గేర్‌పెట్టె వెనక సీలు కారింది. దేవదానం ఆయిల్ అంతా వంపి, తోలు కత్తిరించి కొత్త సీలు వేశాడు. మా దగ్గర మిగిలిన ఆయిల్ సగానికే వచ్చింది.

"పొద్దున డ్రమ్ము రాంగనే మిగిలింది పోద్దాం సాబ్. బండిని కిందికి దించి, చదును మీద చూసుకొని పోయాలె. నేనొచ్చినంక" అన్నాడు.

నేనొచ్చినంక! ఆ మాట పట్టుకుని తెల్లవారేదాకా నలిగాను.

పెద్ద విద్యేం కాదు. గేర్‌పెట్టె వెనక పక్కన ఒక లెవెల్ బోల్టు ఉంటుంది. విప్పి వేలు పెడితే ఆయిల్ ఆ రంధ్రం అంచుకు తగలాలి. తగిలితే నిండినట్టు. అయితే బండి చదునుగా నిలబడాలి. మాది కట్ట వాలు మీద, ముక్కు పైకెత్తుకుని ఉంది; అలా ఉంటే ఆయిలంతా వెనక్కి చేరి, నిండకముందే నిండినట్టు చూపిస్తుంది. దించాలంటే ఇంజన్ స్టార్ట్ చేయాలి, అది వేడెక్కడానికే ఇరవై నిమిషాలు. డ్రమ్ము ఐదున్నరకు వచ్చింది. ఆయన ఆరుకల్లా వస్తాడు. వాలు మీదే పోశాను. రెండు లీటర్లకే రంధ్రంలోంచి కారింది. నిండిందనుకున్నాను. అనుకోవాలని అనుకున్నాను.

"చదును మీదనే చూసిన్రా సాబ్?" అన్నాడు వస్తూనే.

"ఆఁ... చూసిన."

"మీరు చూసినంక నేనెందుకు చూస్త!" అని సామాన్ల సంచి పక్కన పెట్టేశాడు.

పదింపావుకు గేర్‌పెట్టె ఏడుపు మొదలుపెట్టింది. నేను విన్నాను. ఆపితే నా తప్పు బయటపడుతుందని ఆపలేదు. కట్ట అవతలి కొస నుంచి దేవదానం చేతులూపుతూ పరుగెత్తుకొచ్చాడు. "ఆపుండ్రి! ఆపుండ్రి!" గండి అడుగున చదును మీద ఆపాను. ఆయన బోల్టు విప్పి, వేడికి ఓర్చుకుంటూ వేలు పెట్టాడు. పొడిగా వచ్చింది. నా వంక ఒక్కసారి చూశాడు. అంతా అర్థమైపోయింది ఆయనకు.

హవల్దార్ రొప్పుతూ వచ్చాడు. "ఎవరయ్యా పొద్దున ఆయిల్ చూసింది?"

నేను వంగి చైన్లకంటిన మట్టి గీకడం మొదలుపెట్టాను.

"ఫౌజీ సాబ్ మంచిగనే చూసిండు సాబ్. నేనేసిన సీలే జారింది. తప్పు నాది" అన్నాడు దేవదానం.

నిజం చెబుతున్నాను, సిగ్గు తర్వాత వచ్చింది. ముందు వచ్చింది అసూయే. నేను పొద్దున తడబడుతూ ఆడిన అబద్ధాన్ని ఈయన ఎంత నిమ్మళంగా ఆడాడని!

"రేపట్నించి రానక్కర్లేదులే" అన్నాడు హవల్దార్. దేవదానం బండి చల్లబడేదాకా రెండు గంటలు కూర్చున్నాడు. ఆయిల్ నింపాడు, చేతులు కడుక్కున్నాడు, సైకిలెక్కాడు.

సీలు జారలేదు. అదే సీలుతో మిగిలిన పనంతా చేశాను. పంతొమ్మిదో రోజు గండి పూడింది. నాయన పూలదండ తెచ్చాడు.

"మిస్త్రీ ఖరాబ్ జేసిండంట గద బిడ్డా. నువ్వే నిలబెట్టినవంట."

"అవ్ నాయినా" అన్నాను.

ఆ మాట ఊరంతా తిరిగింది. దేవదానం షెడ్డు ముందు ఆగే లారీలు తగ్గాయని వంటమనిషి బజారులో విని వచ్చి చెప్పాడు.

తిరుగు ప్రయాణం పొద్దున ఎనిమిదికి. బండిని ట్రైలర్ ఎక్కించి గొలుసులు కట్టాం. నా మెడలో మూడు దండలు. జనాన్ని తోసుకుంటూ దేవదానం వచ్చాడు. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండునని కూడా ఉంది నాకు.

"మిస్త్రీ..." అన్నాను.

"జర ఆగుండ్రి సాబ్" అన్నాడు. జ్వరమొచ్చిన పిల్ల నుదురు చూసినట్టు గేర్‌పెట్టె మీద అరచెయ్యి ఆనించాడు. చాలాసేపు అలాగే ఉన్నాడు. రెండుసార్లు తట్టి, తలవంచుకుని వెళ్లిపోయాడు. నా ముఖం వైపు చూడనే లేదు.

మంచు కొండలు మరిచిపోయాను. ఆ చెయ్యిని మరవలేదు. ఆ పొద్దున ఆ చెయ్యి తాకిన ఇనుప పెట్టెను చూసి నేను కుళ్లుకున్నంతగా, బతికున్న ఏ మనిషిని చూసీ కుళ్లుకోలేదు.