నేను రాయని లైను

ఎవరైనా దయ్యాల కబుర్లు మొదలుపెడితే నేను లేచి టీకి వెళ్లిపోయే రకం. ఇప్పటికీ నమ్మను. కానీ ఈ ఒక్క సంగతి నన్ను కుదురుగా ఉండనివ్వడం లేదు.

నాచారంలో సాస్‌లు తయారుచేసే కంపెనీలో నా ఉద్యోగం. ఏ మిషన్ ఎలా నడపాలో చెప్పే సూచనలను కంప్యూటర్‌లో సరిచేస్తుంటాను. ఒకసారికి ఒకటో రెండో లైన్లు, పక్కన కారణం. మా పై అధికారి సుజాత మేడం చదివి సరేనంటేనే అది ప్రింటై మిషన్ దగ్గర గోడకెక్కుతుంది.

మా అక్క భర్త ప్రభుదాస్ బావ అక్కడే సాస్ ఉడికించే స్టీమ్ కెటిల్ మీద పనిచేస్తాడు. సిఫారసుతో చేరాడంటారని మా చుట్టరికం కంపెనీలో ఎవరికీ చెప్పలేదు. అక్కడ ఆయన నాకు ప్రభుదాస్ గారే.

ఒకరోజు మధ్యాహ్నం మేడం పిలిచి, "ఈ బావ ఎవరయ్యా?" అని అడిగింది.

స్క్రీన్ మీద నా పేరుతో ఒక మార్పు ఉంది. "కెటిల్ మూత తెరిచేటప్పుడు ఎడమ పక్కన నిలబడాలి." కారణం: "బావ ఎప్పుడూ కుడి పక్కే నిలబడతాడు."

అది నేను రాయలేదు. ఆ ఉదయం అది వచ్చిన సమయానికి నేనింకా రామంతాపూర్ నుంచి షేర్ ఆటోలో ఇరుక్కుని వస్తున్నాను. తీసేస్తానన్నాను.

"ఎవరు రాస్తేంది, మాట మంచిదే గదా. కారణం మాత్రం జర మార్చు" అంది మేడం. "భద్రత కోసం" అని మార్చాను. ఆమె ఒప్పుకుంది.

కాగితం గోడకెక్కిన రోజు బావ ఇంట్లో నా మీద గొణిగాడు. "ఇన్నేండ్ల సంది కుడి దిక్కు నిలబడ్డోణ్ణి, ఇప్పుడు ఎడమకు పొమ్మంటవా?"

ఆ వారంలోనే మూత దగ్గర రబ్బరు చిట్లి కుడి వైపుకు ఆవిరి ఎగజిమ్మింది. గోడ సున్నం పెచ్చులుగా ఊడింది. నేను పరుగెత్తుకుంటూ వెళ్లేసరికి బావ ఎడమ పక్కన నిలబడి మంచినీళ్లు అడుగుతున్నాడు.

తర్వాత కంప్యూటర్ల వాళ్లతో వెతికించాను. ఆ మార్పు నా కంప్యూటర్ నుంచే, నా పాస్‌వర్డ్‌తోనే వచ్చిందన్నారు. ఆ ఉదయం నా గది తాళం తీసింది నేనే. అప్పటిదాకా తాళం చెవి నా జేబులోనే ఉంది.

అక్కకు ఉన్నదున్నట్టు చెప్పాను.

"నువ్వు గాకపోతే ఇంకెవరు రాసిన్రురా?" అంది.

ఆదివారం చిల్కానగర్ చర్చిలో అక్క బావ కోసం దేవుడికి కృతజ్ఞతలు చెబుతూ నా పేరు కూడా చెబుతుంది. అది విన్నప్పుడల్లా, ఇంకెవరినో పిలిచినట్టు నేను వెనక్కి తిరిగి చూస్తాను.