తొమ్మిది మొదటి పాటలు

మా మావయ్య పోయాడని అత్త ఫోన్ చేసినప్పుడు నేను అనకాపల్లిలో, ఆఫీసులో ఉన్నాను. పొద్దున్న టిఫిన్ తిని, పాట వింటూ అలాగే వాలిపోయాడట. నిద్రపోతున్నాడనుకుని అత్త చాలాసేపు లేపలేదు. ఆ వార్త చెబుతుంటే నేను ఏ పాట వింటున్నాడని అడిగాను. ఎందుకడిగానో ఇప్పటికీ తెలియదు.

చోడవరంలో ఆయన్ని అందరూ మైక్ సెట్ మనిషిగానే ఎరుగుదురు. పెళ్ళిళ్ళకీ అమ్మవారి పండగలకీ సౌండ్ బాక్సులు అద్దెకిచ్చేవాడు. యాభై దాటాక కంప్యూటర్ మీద హిప్-హాప్ బీట్లు కట్టడం నేర్చుకున్నాడు. పోయేనాటికి ఒక ఆల్బం చేస్తున్నాడు. తొమ్మిది పాటలు, తొమ్మిదిమంది ర్యాపర్లు. మాడుగుల నుంచీ, కె.కోటపాడు నుంచీ, విశాఖ నుంచీ వచ్చి పాడినవాళ్ళు. ఆయన గొంతు మాత్రం అందులో ఎక్కడా లేదు. ఆ పిల్లలు వచ్చి "మా ప్రొడ్యూసర్ గారు" అని ఏడుస్తుంటే, చుట్టాల్లో ఒకాయన నన్ను పక్కకి పిలిచి ఏ సినిమా తీశాడని అడిగాడు. బీట్ కట్టి, పాడేవాళ్ళని కూర్చి, పాటని ఒక రూపుకి తెచ్చేవాణ్ణి కూడా ప్రొడ్యూసరే అంటారని చెప్పాను. ఆయనకి అర్థం కాలేదు. నాకైనా పూర్తిగా అర్థమైందని చెప్పలేను.

మావయ్య వాళ్ళింట్లో వెనక గదే రికార్డింగు గది. గోడలకి పాత బొంతలు వేలాడదీశాడు. చప్పుడు మైకులో పడుతుందని ఫ్యాన్ ఆపేస్తే, పాడేవాళ్ళూ ఆయనా చెమటతో తడిసి బయటికొచ్చేవారు. పాట అయ్యేదాకా అత్త కుక్కర్ పెట్టేది కాదు. ఒకసారి మరిచిపోయి పెట్టింది. విజిల్ పాటలో పడింది. కోటపాడు కుర్రాడు తీసెయ్యమని బతిమాలినా మావయ్య తియ్యలేదు. అన్నం ఉడికే సప్పుడుకి సిగ్గేటిరా అన్నాడట. మాటల మధ్య రొప్పు కూడా చెరిపేవాడు కాదు. ఊపిరి వినబడితేనే మనిషి ఉన్నట్టు అనేవాడు.

ఒకసారి నేను విని, ఒక్క ముక్క అర్థం కాలేదన్నాను. తనకీ సగం అర్థం కాదని నవ్వాడు. మరెందుకు చేస్తున్నావంటే, హెడ్‌ఫోన్స్ తీసి నా చెవులకి పెట్టాడు.

పన్నెండోరోజు భోజనాలయ్యాక తొమ్మిదిమందీ అరుగు మీద కూర్చున్నారు. ఆల్బం విడుదల చేద్దామన్నారు. ఏ పాట తర్వాత ఏ పాటో చెప్పమన్నాను. మాడుగులలో హల్వా కొట్లో పనిచేసే అమ్మాయి ముందుగా నోరు విప్పింది.

"నాదే ఫస్టని సారు అన్నారండి. మాయమ్మకి కూడా సెప్పేసేను."

కోటపాడు కుర్రాడు తలెత్తి చూశాడు. తనతోనూ అదే అన్నారన్నాడు. ఆ పక్కవాడితోనూ అదే. తొమ్మిదిమందికీ అదే మాట. విశాఖ కుర్రాడు కోపంగా లేచి వెళ్ళి గేటు దగ్గర నిలబడ్డాడు.

"అబద్ధమాడేరా అండీ, సారు మాతోటి?" అని ఆ అమ్మాయి నన్నడిగింది.

లోపలికి వెళ్ళి కంప్యూటర్ తెరిచాను. తొమ్మిది ఫైళ్ళు. ప్రతిదానికీ ముందు ఒకటి అంకె, పక్కన పాడినవాళ్ళ పేరు. అందరినీ పిలిచి చూపించాను. అబద్ధాన్ని ఎవరైనా ఇంత శ్రద్ధగా రాసిపెట్టుకుంటారా? లేక ఎవరిని వెనక్కి నెట్టాలో తేలక, రేపు చూద్దాంలే అని వాయిదా వేస్తూ పోయాడా? ఆలోచించినకొద్దీ రెండూ నిజమేననిపిస్తుంది. ఇంకాసేపటికి రెండూ కావనిపిస్తుంది.

విశాఖ కుర్రాడు గేటు దగ్గర నుంచి వచ్చి చాలాసేపు స్క్రీన్ చూశాడు. తనది ఆఖర్న పెట్టమన్నాడు. ఆ తర్వాత ఎవరూ పట్టుబట్టలేదు. మొదటిది మాత్రం అత్తనే చెప్పమన్నారు.

"ఆ గుంటది ముందెయ్యండి. ఆళ్ళమ్మకి సెప్పేసిందంట కదా," అంది అత్త.

ముందుగదిలో పెద్ద సౌండ్ బాక్సు పెట్టి ఆ పాట వేశారు. పాడిన పిల్ల మొహం కప్పుకుంది. అత్త కింద కూర్చుని, బాక్సుకి వీపు ఆనించి కళ్ళు మూసుకుంది. కాసేపటికి ఆమె తల మెల్లగా అటూ ఇటూ ఊగడం మొదలైంది. తాళానికి ఊపుతోందో, కాదు కాదంటోందో తెలియక, నేను గుమ్మంలోనే నిలబడి చూస్తూ ఉండిపోయాను.